మొదటి పుట్టినరోజు, ముగ్గురు పిల్లలు, పాతిక వేలు: నారాయణపేట చీర ఒక్కటి చాలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉండేది జడ్చర్ల. పాపకు ఏప్రిల్ ఆఖర్న ఏడాది నిండుతుంది. పెద్దమ్మాయికి ఆరేళ్లు, బాబుకు నాలుగు. ఇంటి డాబా మీదే ఫంక్షన్, డెబ్బై మంది, అందులో పాతిక మంది పిల్లలు. చేతిలో 25,000. బెలూన్ల డెకరేషన్‌కు ఒకాయన 6,000 అడిగాడు, పాపకు నెట్ గౌను అద్దె 2,500 అన్నారు. అత్తమ్మ దగ్గర పాత గద్వాల చీర ఉంది, కోసి లంగ కుట్టించొచ్చా?

ముందు ఒక మాట. చాలామంది డెకరేషన్ రంగు ఖాయం చేసుకుని, దానికి సరిపోయే బట్టల కోసం తిరుగుతారు. వెనక కర్టెన్ గులాబీ కాబట్టి పాపకు గులాబీ గౌను. ఫొటోలో పాప కర్టెన్‌లో కలిసిపోతుంది, డబ్బు రెండు చోట్లా పోతుంది. మీరు గుడ్డ ముందు కొనండి. మిగతావన్నీ, వెనక వేలాడేసే బట్ట నుంచి వచ్చినవాళ్ల చేతిలో పెట్టే సంచి దాకా, ఆ గుడ్డను చూసి తేల్చుకోవచ్చు. సగం వాటికి అసలు కొనే పనే ఉండదు.

నెట్ గౌను మాట వదిలేయండి. ఏప్రిల్ ఆఖర్న పాలమూరు ఎండ ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. పొద్దు గూకినా డాబా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. పాలిస్టర్ శాటిన్ మీద గట్టి నెట్, లోపల ఉబ్బుగా నిలబెట్టే క్యాన్‌క్యాన్ గుడ్డ వేసిన గౌనులో ఏడాది పాప పావుగంట ఉండదు. మెడ కింద, చంకల్లో, డైపర్ పైన నడుం చుట్టూ చెమటకాయలు పేలుతాయి. 2,500 పెట్టి తెచ్చింది కేకు కోయకముందే విప్పేస్తారు. అద్దె గౌను ముందు ఎవరు తొడిగారో, ఉతికారో లేదో కూడా తెలియదు.

మీకు దగ్గరలో నారాయణపేట ఉంది. అక్కడి నూలు చీర పిల్లల బట్టలకు చేసిపెట్టినట్టే ఉంటుంది. చిన్న గళ్లు, ముదురు రంగు అంచు, మెత్తటి నేత, అంచు మరీ పెద్దది కాదు. కంచి పట్టు అంచులాంటిది ఏడాది పాప లంగకు వేస్తే లంగలో సగం అంచే అవుతుంది. 1,200 నుంచి 1,800 లోపు ఒకటి చూసుకోండి. పసుపు ఒళ్లు, మెరూన్ అంచు అయితే సాయంత్రం వెలుతురులో చక్కగా కనబడుతుంది. మరమగ్గం నకళ్లు చాలా ఉన్నాయి. చేనేత చీర రెండు అంచుల చివర వరసగా సూది గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు కనబడతాయి. నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా సాగదీసి పెట్టే బద్ద ముళ్ల గుర్తులు అవి. దుకాణంలోనే టేపు పెట్టి కొలవండి: పొడవు 5.5 మీటర్లు, పన్నా 46 అంగుళాలు ఉండాలి. కింది లెక్కంతా ఆ కొలతల మీదే.

ఆ ఒక్క చీరలో ముగ్గురి బట్టలూ వస్తాయి. పల్లూ సుమారు 0.9 మీటరు పోతే ఒళ్లు నాలుగున్నర మీటర్ల పైన మిగులుతుంది. అందులో పాపకు 1.5, పెద్దమ్మాయి లంగకు 2, బాబు కుర్తాకు 1 మీటరు. పల్లూ పెద్దమ్మాయి జాకెట్‌కు.

కోసే ముందు తడపాలి, దీన్ని వదిలేయొద్దు. నూలు మొదటి తడికి కుంచించుకుపోతుంది. కుట్టాక తడిపితే లంగ పొట్టిదై, లైనింగు ఒక వైపు లాగి, నడుం దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది. రంగు కూడా అప్పుడే తేలుతుంది. తెల్ల రుమాలు తడిపి మెరూన్ అంచు మీద పెట్టి ఒక నిమిషం గట్టిగా అదమండి. రుమాలుకు రంగు అంటితే చీరను చల్లటి నీళ్లలో ముంచి వెంటనే తీయడం, నీళ్లు మార్చడం, మళ్లీ ముంచడం. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. నానబెట్టొద్దు, పిండొద్దు. మడతపెట్టి తడితో వదిలితే మెరూన్ పోయి పసుపు మీద కూర్చుంటుంది, ఇక పోదు. రాత్రంతా గళ్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెప్తారు. నేసి వచ్చిన గుడ్డకు ఉప్పు అట్లా పనిచేయదు, ఎక్కువసేపు నానడం వల్ల రంగు ఇంకా ఊడుతుంది. నీడలో పరిచి ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. లైనింగుకు టూ బై టూ రూబియా రెండున్నర మీటర్లు తీసుకుని దాన్నీ రాత్రి నానబెట్టి ఆరేయండి. రంగు కొంచెం దిగే గుడ్డ అయితే లైనింగు తెలుపు వద్దు, అంచు రంగే తీసుకోండి.

ఇప్పుడు పాప లంగ. ఏడాది పిల్లకు కడుపు ముందుకు, నడుం అనేదే ఉండదు. నాడా వేసి కడితే పది నిమిషాలకోసారి జారుతుంది, బిగిస్తే ఎర్రటి గీత పడుతుంది. అందుకే లంగను చేతుల్లేని నూలు బాడీకి కలిపి కుట్టించండి, బరువు భుజాల మీద పడుతుంది. బాడీ కింది చుట్టుకొలత 21 అంగుళాలు, డైపర్‌తో సహా సరిపోతుంది. పొడవు 13 అంగుళాలు చాలు, చీలమండకు రెండంగుళాలు పైకే ఉండాలి. అప్పుడే అడుగులు వేసే పిల్లకు పాదాల దాకా లంగ వేస్తే అంచు తొక్కి ముందుకు పడుతుంది. టైలరు "పొట్టిగుంటే బాగుండదు" అని తప్పకుండా అంటాడు. వినొద్దు.

చీర అంచు లంగ కింద వచ్చేట్టు, గుడ్డ పొడవు నడుం చుట్టూ తిరిగేట్టు వేయాలి. పన్నాలో అంచు నుంచి 18 అంగుళాలు కొలిచి కోయండి: 13 లంగ పొడవు, 4 టక్సుకు (పిల్ల ఎదిగాక విప్పి పొడవు పెంచుకునే మడతలకు), 1 పైన కుట్టుకు. చుట్టూ 1.5 మీటరు అంటే 59 అంగుళాలు. వెనక అతుకుకు ఒకటి పోతే 58. బయటికి ఒక అంగుళం, లోపల ఒకటిముప్పావు మడత పెడితే ఒక్కో కుచ్చుకు 2.75 అంగుళాలు పడుతుంది. 21 కుచ్చులకు 57.75. సరిగ్గా 21 అంగుళాల బాడీకి కూర్చుంటాయి. ఈ లెక్క కాగితం మీద రాసి టైలరుకు ఇవ్వండి. చూపుతో కుచ్చులు వేస్తే ముందు దట్టంగా మొదలై వెనక గుడ్డ చాలదు, కుచ్చులు పలచబడతాయి. పాప ఒంటి మీద ఆ తేడా స్పష్టంగా కనబడుతుంది.

టక్సు ఎక్కడ వేస్తారన్నదాన్ని బట్టి ఈ లంగ ఒక్క సాయంత్రానిదా, మూడేళ్లదా అన్నది తేలుతుంది. అంచుకు సరిగ్గా పైన, లోపలి వైపు, ఒక్కోటి అంగుళం లోతున రెండు టక్సు. ఒక టక్కు విప్పితే రెండంగుళాల పొడవు వస్తుంది. నడుం దగ్గర వేస్తే అక్కడ గుడ్డ నాలుగు పొరలై దిండు కట్టినట్టు ఉబ్బుతుంది. టక్సు మిషను మీద చిన్న కుట్టుతో వద్దు, చేతితో పొడుగు కుట్టు వేయమనండి. మిషను కుట్టు విప్పితే నూలు మీద చుక్కల గీత ఉండిపోతుంది.

పాప జాకెట్‌కు వేరే గుడ్డ కొనక్కర్లేదు. అంచు నుంచి 18 అంగుళాలు పోగా పైన 28 అంగుళాల ఎత్తు, 59 పొడవున్న ముక్క మిగులుతుంది, పైగా చీర రెండో అంచు దానికే ఉంటుంది. ఆ అంచును చేతుల చివర వేస్తే పైపింగు ఖర్చు కూడా పోయింది. జాకెట్ బిగుతు మొదట వచ్చేది ఛాతీ దగ్గర కాదు, చంక దగ్గర. చంక అరంగుళం లోతు ఎక్కువ కోయించండి. పక్క కుట్ల లోపల అన్ని వైపులా ముప్పావు అంగుళం గుడ్డ వదిలితే వచ్చే ఏడాది మూడంగుళాల దాకా వదులు చేసుకోవచ్చు. మిగులు గుడ్డ ఓవర్‌లాక్ చేయించి వదలమనండి. "లావుగా కనబడుతుంది" అని కత్తిరించేసే టైలర్లు ఉంటారు. గుడ్డ ఇచ్చే రోజే చెప్పాలి.

వెనక హుక్సు వద్దు. పాపను ఎత్తుకున్న ప్రతివాళ్ల చెయ్యీ ఆ హుక్సు మీదే పడుతుంది, అవి వీపులో దిగుతాయి. నూలు తాళ్లు లేదా దారంతో గట్టిగా కుట్టిన టిచ్ బటన్లు చాలు. అంచు లోపలి వైపు జరీ పోగులు గరుకుగా ఉంటాయి, కాళ్లకు గీసుకుంటాయి. అక్కడ చీరకు వేసే ఫాల్ పట్టీ, తడిపి ఆరేసింది, వేయించండి. చేతుల అంచు లోపల కూడా వేలెడు వెడల్పు లైనింగు మడత పెట్టాలి. పిల్ల "ఎందుకో చిరాగ్గా ఏడుస్తోంది" అని అందరూ దిష్టి తీస్తారు, చూస్తే భుజం దగ్గర జరీ గుచ్చుతుంటుంది.

పెద్దమ్మాయిది సులువు. లంగ పొడవు 26, టక్సుకు 4, కుట్టుకు 1, అంటే పన్నాలో 31 అంగుళాలు. బాడీ చుట్టుకొలత 24 పెట్టుకుంటే రెండు మీటర్ల గుడ్డలో అతుకు పోగా 78 అంగుళాలకు 24 కుచ్చులు, ఒక్కోటి 3.25. జాకెట్ పల్లూ నుంచి. పల్లూ చీర ఒళ్లుకు వేరే రంగులో ఉంటే పైపింగు, అద్దాలు, కుందన్లు ఏమీ అక్కర్లేదు, అదే గొప్పగా ఉంటుంది. పఫ్ చేతులు అడుగుతుంది, అడగనివ్వండి, చేతి మూతికి ఎలాస్టిక్ మాత్రం వద్దు. చుట్టూ నూలు పట్టీ వేసి అరంగుళం వదులు ఉంచాలి. ఈమె కొలతలు పై మాటను బట్టి కాదు, టేపు పెట్టి తీసుకోండి. ఆరేళ్ల పిల్లల్లో రెండు మూడంగుళాల తేడాలు మామూలే.

లంగ కోయగా పైన మిగిలే 14, 15 అంగుళాల వెడల్పు పట్టీని టైలరు దగ్గర వదిలేయొద్దు. దాని సంగతి తర్వాత చెప్తాను.

బాబు కుర్తాకు మీటరు గుడ్డలో ముందు భాగం, వెనక భాగం ఒక్కోటి 16 అంగుళాల వెడల్పు, 23 పొడవు పక్కపక్కన వస్తాయి. చేతులు పైన మిగిలిన ముక్కలో. చీర అంచు కుర్తా కింద వేస్తే ఆడపిల్ల బట్టలా ఉందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. నిలువుగా బొత్తాల పట్టీకి, చేతుల చివర మాత్రం వేస్తే చక్కగా ఉంటుంది. కిందికి ధోతి కట్టొద్దు. నాలుగేళ్ల వాడికి నిజం ధోతి కడితే పరుగెత్తే మొదటి నిమిషంలోనే ఊడుతుంది, పిన్నీసులు పెడితే గుచ్చుకుంటాయి. తెల్ల నూలు గుడ్డ రెండు మీటర్లలో ఎలాస్టిక్ నడుంతో, కుచ్చిళ్లు కుట్టేసిన ధోతి ప్యాంటు 300 లోపు గుడ్డతో అయిపోతుంది. రేపు వాడికి పంచెల ఫంక్షన్ చేసినప్పుడు నిజం పంచె ఎలాగూ కడతారు.

మీకూ మీ ఆయనకూ కొత్తవి కొనక్కర్లేదు. అదే చీర అందరూ కట్టుకుంటే కుటుంబం కాదు, పెళ్లి బ్యాండు బృందంలా ఉంటుంది. అంచు రంగు, అంటే మెరూన్, మీ దగ్గర ఉన్న ఏదో చీరలో ఉంటుంది. ఆయనకు తెల్ల అంగి చాలు.

లెక్క వేద్దాం. చీర 1,600, లైనింగు 250, మూడింటి కుట్టుకూలి 1,700, ధోతి గుడ్డ 300, ఎలాస్టిక్, ఫాల్, బటన్లు, దారం 150. మొత్తం 4,000. మీ ఊళ్లో కుట్టుకూలి రెండు మూడు వందలు అటూ ఇటూ ఉండొచ్చు. ఏప్రిల్, మే పెళ్లిళ్ల కాలం, జాకెట్లు కుట్టేవాళ్లకు ఊపిరి తిరగదు. కనీసం ఇరవై రోజుల ముందు గుడ్డ ఇచ్చి, ఐదు రోజుల ముందు తొడిగి చూసేట్టు మాట తీసుకోండి. "ముందు రోజు సాయంత్రం రండి" అన్న టైలరు దగ్గర పెట్టొద్దు.

ఇక అత్తమ్మ గద్వాల చీర. కోయొద్దు అన్నది నా మాట. కారణం ఆప్యాయత కాదు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ పల్లూ పట్టు, రెండూ వేరువేరు పోగులు, నేతలోనే కలిపినవి. పాత చీరల్లో ఆ కలిసిన గీత దగ్గరే బలం తగ్గి ఉంటుంది. కుచ్చులు వేసి పిల్లకు తొడిగితే కూర్చున్నప్పుడు లాగేది అక్కడే. పట్టు అంచు మడతల దగ్గర చీలి ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగి చూడండి, చిటపటమని సన్నటి చప్పుడు వస్తే ఆ పట్టు కుట్టుకు పనికిరాదు. ఉతికితే ఇంకో చిక్కు: నూలు కుంచించుకుంటుంది, పట్టు అంతగా కుంచించుకోదు, అంచు అలలు అలలుగా నిలబడుతుంది.

ఆ చీరను కేకు బల్ల వెనక వేలాడదీయండి. 6,000 డెకరేషన్‌కు బదులు అదే. 5.5 మీటర్లు అంటే 18 అడుగులు. ఏడెనిమిది అడుగుల ఎత్తున వెదురు బద్ద కట్టి చీరను సగానికి మడిచి దాని మీద వేస్తే ముందు వైపు తొమ్మిది అడుగులు దిగుతుంది, కింద మిగిలింది నేల మీద పరుచుకుంటుంది. వెడల్పు నాలుగు అడుగులకు కొంచెం తక్కువ. ఇలాంటివి రెండు పక్కపక్కన ఉంటే ఏడున్నర అడుగుల గోడ అవుతుంది, అంతకన్నా పెద్దది అక్కర్లేదు. రంగు ముదురు ఆకుపచ్చో నీలమో అయితే పసుపు లంగలో పాప ముందు నిలబడి కనబడుతుంది. గద్వాల చీరే పసుపు అయితే మాత్రం దాన్ని పక్కన పెట్టి వేరే ముదురు చీర వేయండి. గుండుసూదులు గుచ్చొద్దు. బట్టల క్లిప్పులకు కింద చిన్న గుడ్డ ముక్క పెట్టి పట్టించండి. బల్ల చీరకు మూడడుగుల ముందుకు ఉండాలి, కొవ్వొత్తి గాలికి వెనక్కి వాలుతుంది.

బెలూన్ల గురించి అందరికీ మోజు. ఎండ తగిలే డాబా మీద మధ్యాహ్నం రెండింటికి ఊదిన బెలూన్లు ఐదింటికి సగం పేలి, మిగిలినవి మెరుపు పోయి మసకబారి ఉంటాయి. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తుంది, రబ్బరు ఎండకు పాడవుతుంది, ముదురు రంగువి ఇంకా తొందరగా వేడెక్కుతాయి. తప్పదంటే నలభై చాలు, అంచు రంగువీ తెల్లవీ. పది అంగుళాలవి ఎనిమిదికే ఊదాలి, సాయంత్రం నాలుగున్నర తర్వాత, నీడలో. పేలిన ముక్క కింద పడగానే ఒకరు ఏరాలి. పాకే పిల్ల నోట్లోకి పోతే ఆ రబ్బరు గొంతుకు అతుక్కుని ఊపిరి ఆగుతుంది. పైకి ఎగిరే గ్యాసు బెలూన్లు వద్దే వద్దు. మన దగ్గర వాటిలో చాలాసార్లు నింపేది హైడ్రోజన్, అగ్గి తగిలితే మంటతో పేలుతుంది. కేకు మీద కొట్టే నురగ స్ప్రే కూడా అంతే, అందులోని గ్యాసు మండేది. వెలుగుతున్న కొవ్వొత్తి ఎదుట పిల్ల తల మీద అది కొట్టడం కన్నా తెలివితక్కువ పని లేదు. వచ్చినవాళ్లలో ఎవరో ఒక మామయ్య జేబులో తెస్తాడు, గుమ్మం దగ్గరే తీసుకోండి.

బెలూన్లకు బదులు తాటాకు విసనకర్రలు. ఎండాకాలం సంతల్లో దొరుకుతాయి. నలభై కొన్నా వెయ్యి దాటదు. జాజు (ఎర్రమన్ను) రంగు అంచు, మధ్యలో తెల్లటి ముగ్గు చుక్కలు, పోస్టర్ రంగులతో పెద్దమ్మాయే ఒక ఆదివారం వేస్తుంది. అచ్చం గోడకు జాజు, సున్నం పూసినట్టు కనబడాలి గానీ నిజం సున్నం వాడొద్దు, ఊడి పిల్లల కళ్లలో పడితే మండుతుంది. వాటిలో ఇరవై చీర పైన విల్లులా కట్టండి, మిగతావి కుర్చీల మీద పెట్టండి. ఏప్రిల్ సాయంత్రం వచ్చినవాళ్లు అడక్కుండానే ఊపుకుంటారు, వెళ్తూ పట్టుకుపోతారు. గుమ్మానికి మామిడాకుల తోరణం పది గంటలకు కడితే సాయంత్రానికి వాడుతుంది, నాలుగింటికి కట్టండి. విసనకర్రలకు, వెదురుకు, తాడుకు అన్నీ కలిపి 2,000 లోపే.

డాబా మీద నాలుగున్నరకు ఒకసారి, ఐదున్నరకు ఒకసారి నీళ్లు చల్లండి. మొదటిది ఆవిరైపోతుంది, రెండోదాని చల్లదనం నిలుస్తుంది. ఆరాక జంపఖానాలు పరచండి. పాపను ఐదు ముప్పావుకు తయారుచేసి ఆరింటి నుంచి పావుగంట ఫొటోలు తీసేయండి. ఆ రోజుల్లో ఆరున్నర దాటాక గానీ పొద్దు గూకదు కాబట్టి మెత్తటి వెలుతురు దొరుకుతుంది, ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా కొట్టుకుపోతుంది. అందరూ వచ్చాక తీద్దామంటే ఎనిమిది అవుతుంది, పాప నిద్రమొహంతో ఉంటుంది. కేకు ఏడింటికి కోసి, పాపను చమ్కీ లేని మెత్తటి నూలు గౌనులోకి మార్చేయండి. వచ్చినవాళ్లకు ఫొటోల్లో ఎలాగూ కనబడుతుంది.

తలకు: పుట్టువెంట్రుకలు తీసి ఉంటే జుట్టు ఉండదు, హెయిర్‌బ్యాండు పెడతారు. ఏడాది పాప తల చుట్టుకొలత పద్దెనిమిది అంగుళాలకు దగ్గర్లో ఉంటుంది. పూర్తి ఎలాస్టిక్ బ్యాండు గంటలో నుదుటి మీద గీత పెడుతుంది. మిగిలిన గుడ్డతో బ్యాండు కుట్టి వెనక నాలుగంగుళాలు మాత్రం మెత్తటి ఎలాస్టిక్ వేయండి. గిల్టు పాపిటబిళ్ల, వడ్డాణం చెమటకు నల్లబడి దద్దుర్లు లేపుతాయి. జిగురుతో అంటించిన రాయి, ముత్యం ఏదైనా ఊడి నోట్లోకే పోతుంది. కాళ్లకు మువ్వల పట్టీలు వేస్తే ముందు ప్రతి మువ్వనూ లాగి చూడండి. మిణుకుమిణుకు లైట్ల బొమ్మల్లో, పాడే కొవ్వొత్తుల్లో గుండ్రటి చిన్న బ్యాటరీలు ఉంటాయి. అవి మింగితే గొంతు లోపల కాలిపోతుంది. అలాంటి వస్తువు ఇంట్లోకే రానివ్వొద్దు.

పెద్దమ్మాయి లంగ దగ్గర దాచిన పట్టీకి వద్దాం. 14 అంగుళాలు, 79 పొడవు. ఆరున్నర అంగుళాలకు ఒకటి కోసి సగానికి మడిచి పైన తాడు దూరే మడత పెడితే పన్నెండు చిన్న సంచులు. సాదా మెరూన్ నూలు గుడ్డ 44 పన్నాలో 1 మీటరు 10 సెంటీమీటర్లు తీసుకుంటే ఇంకో పద్దెనిమిది. మొత్తం ముప్పై, పాతిక మంది పిల్లలకు పోను ఐదు చేతిలో ఉంటాయి. లోపల పెద్దపిల్లలకు పల్లిపట్టి, నాలుగేళ్ల లోపు వాళ్లకు మురుకులు. ఆ చిన్నపిల్లలకు పల్లీలు వద్దు, గొంతులో పడతాయి. ఒక రంగు పెన్సిల్ పెట్టె. 1,400లో అయిపోతుంది. ప్లాస్టిక్ బొమ్మ సగం దూరంలోనే విరుగుతుంది, ఈ సంచి బలపాలు దాచుకోడానికి ఏడాది ఉంటుంది.

తిండి క్లుప్తంగా: బగారా అన్నానికి బియ్యం 7 కిలోలు, చికెన్ 10 కిలోలు, పెరుగు పచ్చడి, ఆలుగడ్డ కూర, వంట మనిషితో కలిపి 12,000. రెండో స్వీటు వద్దు, అప్పటికి కొల్లాపూర్ మామిడి దిగుతుంది, ముక్కలు కోసి పెట్టండి. ముంజలు దొరికితే ఇంకా మంచిది, ఆ సాయంత్రమే కొట్టినవై ఉండాలి, పాపకు మాత్రం ముంజ ముక్కగా కాకుండా మెత్తగా చిదిమి. కేకు రెండు కిలోలు, 1,600, క్రీము పువ్వులు తక్కువది, ఆరున్నరకు తెప్పించండి. షామియానా, కుర్చీలు, బల్బులకు 2,500. చేతిలో 1,500 మిగలాలి. టెంటు మనిషి ఆఖర్న అడిగే ఆటో డబ్బులకు అది పోతుంది.

ఫంక్షన్ అయ్యాక బట్టల మీద సెంటు కొట్టొద్దు, జరీ నల్లబడుతుంది. మరకను ఆ రాత్రే చల్లటి నీళ్లతో తుడిచి, నీడలో ఆరేసి, పాత తెల్ల పంచెలో చుట్టి పెట్టండి. హ్యాంగరుకు వేలాడదీస్తే అంచు బరువుకు కుచ్చులు సాగుతాయి. బతుకమ్మ నాటికి పాపకు ఏడాదిన్నర. పండగకు వారం ముందే తొడిగి చూడండి. పొట్టిగా కనబడితే కింది టక్కు ఒక్కటి విప్పండి, పైది వచ్చే ఏడాదికి. దారం లాగి తీయకుండా చిన్న కత్తెరతో నాలుగు చోట్ల తెంపి తీయాలి, తర్వాత గీత మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి.